మహమ్మారికి మనిషి ముఖం: 'నోస్ఫెరాటు' మూకీ చిత్రంపై దక్షిణ తెలంగాణ నుంచి ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

1922 మార్చి 4న బెర్లిన్ నగరంలో తొలిసారి ప్రదర్శితమైన 'నోస్ఫెరాటు' జర్మన్ మూకీ చిత్రాలలో సుప్రసిద్ధమైనది. భయానక చిత్రాల చరిత్ర రాసిన వారెవ్వరూ దీనిని విడిచి ముందుకు సాగలేదు. దీని దర్శకుడు ఎఫ్. డబ్ల్యూ. ముర్నౌ. ఈ చిత్రంపై వచ్చిన విమర్శలో రెండు మార్గాలు ప్రధానంగా కనిపిస్తాయి. సీగ్‌ఫ్రీడ్ క్రకావర్ 1947లో వెలువరించిన గ్రంథంలో ఇందులోని రక్తపిశాచిని, ఆనాటి జర్మన్ సమాజం మనసులో మెదలుతున్న నియంతకు ప్రతిరూపంగా గ్రహించాడు. లోటే ఐస్నర్ 1952లో ప్రకటించిన గ్రంథం ఆ తరం జర్మన్ చిత్రాలలోని వెలుగునీడల కళను వివరించింది. మొదటి మార్గం రాజకీయార్థాన్ని, రెండవది రూపాన్ని ప్రధానంగా తీసుకున్నాయి. అయితే ఈ రెండు మార్గాలలోనూ విమర్శకుని చూపు ముందుగా నిలిచేది పిశాచి మీదనే.

ఈ వ్యాసం పిశాచి మీద కాక, పిశాచి ప్రవేశించిన పట్టణం మీద దృష్టి నిలుపుతుంది. కారణం తెలియని మరణాలు సంభవించినప్పుడు సమాజం ఆ మరణాలకు ఒక మనిషి ముఖాన్ని తొడుగుతుంది. 'నోస్ఫెరాటు' ఈ ప్రవృత్తిని ఒక ఘట్టంలో పొరపాటుగా చూపించి, కథ మొత్తంలో అది నిజమేనని ధ్రువపరుస్తుంది. చిత్రంలోని ఈ వైరుధ్యమే నేటి ప్రేక్షకునికి అసలైన భయకారణం అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. గత్తర, బాణామతి, ఫ్లోరోసిస్, వలస అనే నాలుగు అనుభవాలను దాటివచ్చిన నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల చరిత్ర నుంచి చూసినప్పుడు ఆ వైరుధ్యం మరింత స్పష్టమవుతుంది.

చిత్రం, దాని కాలం

కథ సంగ్రహంగా ఇది. 1838లో విస్‌బోర్గ్ అనే కల్పిత పట్టణంలో ఇండ్ల క్రయవిక్రయాలు కుదిర్చే నాక్ అనే వ్యాపారి, తన ఉద్యోగి హుట్టర్‌ను దూరదేశపు కొండకోటలో ఉన్న ఓర్లాక్ ప్రభువు వద్దకు పంపుతాడు. ఓర్లాక్ విస్‌బోర్గ్‌లో హుట్టర్ ఇంటికి ఎదురుగా ఉన్న పాడుబడిన ఇంటిని కొంటాడు. మట్టితో, ఎలుకలతో నిండిన శవపేటికలను వెంట తీసుకొని ఓడలో బయలుదేరుతాడు. దారిలో నావికులందరూ మరణిస్తారు. నడిపేవాడు లేని ఓడ రేవుకు చేరుతుంది. పట్టణంలో ప్లేగు వ్యాపిస్తుంది. హుట్టర్ భార్య ఎలెన్ తన రక్తాన్ని అర్పించి, తెల్లవారే వరకు ఓర్లాక్‌ను తన పక్కన నిలుపుతుంది. సూర్యకిరణం సోకి అతడు పొగగా మారిపోతాడు. మరణాలు ఆగిపోతాయి. ఎలెన్ కన్నుమూస్తుంది.

ఇది బ్రామ్ స్టోకర్ రచించిన 'డ్రాక్యులా' నవలకు అనుమతి పొందని అనుసరణ. హెన్రిక్ గాలీన్ పాత్రల పేర్లు, స్థలాలు మార్చి చిత్రానువాదం రాశాడు. రచయిత భార్య ఫ్లోరెన్స్ స్టోకర్ న్యాయస్థానాన్ని ఆశ్రయించగా, 1925లో ప్రతులన్నింటినీ ధ్వంసం చేయవలసిందిగా తీర్పు వచ్చింది. నిర్మాణసంస్థ ప్రానా ఫిల్మ్ అప్పటికే దివాలా తీసింది. కొన్ని ప్రతులు మాత్రం పలు దేశాలలో మిగిలిపోయాయి. నేడు మనం చూస్తున్న చిత్రం వాటి నుంచి పునరుద్ధరించినది.

మూలానికి, అనుసరణకు మధ్య రెండు భేదాలు ఈ చర్చకు ముఖ్యమైనవి. నవలలోని డ్రాక్యులా పగటిపూట కూడా సంచరించగలడు. సూర్యకాంతి వల్ల నశించడం ఈ చిత్రం చేసిన కల్పన. ఇక నవలలో లేని పట్టణవ్యాప్తమైన మహమ్మారి ఈ చిత్రానికి కేంద్రం. చిత్రం తనను తాను విస్‌బోర్గ్‌లో జరిగిన మహామరణాలకు సంబంధించిన ఒక వృత్తాంతంగా ప్రకటించుకొని ప్రారంభమవుతుంది. అంటే దర్శకుడు మనకు మొదట పరిచయం చేసేది పిశాచకథను కాదు, ఒక మహమ్మారి చరిత్రను. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాను, నాలుగేండ్ల యుద్ధాన్ని చూసి వచ్చిన ప్రేక్షకులకు ఆ ప్రారంభం ఏమి గుర్తుచేసి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ఆ ఇన్‌ఫ్లుయెంజా భారతదేశంలోనే కోటికి పైగా ప్రాణాలను బలిగొన్నది. 'నోస్ఫెరాటు' వెలువడిన కాలానికి నల్గొండ, మహబూబ్‌నగర్ నిజాం రాజ్యంలోని జిల్లాలు. ఆ సంవత్సరమే, అంటే 1922లో, కలకత్తా నుంచి వచ్చిన ధీరేంద్రనాథ్ గంగూలీ హైదరాబాదులో లోటస్ ఫిల్మ్ కంపెనీని స్థాపించి మూకీల నిర్మాణం చేపట్టాడు. 1924లో 'రజియా బేగం' చిత్ర ప్రదర్శనపై ఆగ్రహించిన నిజాం ప్రభుత్వం ఆయనను రాజ్యం విడిచి వెళ్ళమని ఆదేశించింది. మూకీల కాలం ఈ ప్రాంతానికి పరాయిది కాదని, బొమ్మకు ఉండే శక్తిని, బొమ్మ పట్ల పాలకులకు ఉండే భయాన్ని ఈ నేల కూడా చూసిందని ఈ సంఘటన చెబుతుంది.

1897: రక్తం పీల్చేది ఎవరు?

'డ్రాక్యులా' నవల 1897 మే నెలలో లండన్‌లో ప్రచురితమైంది. దూరదేశం నుంచి వచ్చి, రాత్రివేళ నిద్రిస్తున్న వారి రక్తం పీల్చి, తన వ్యాధిని వారికి అంటించే ఒక పురుషుని కథ అది. అదే సంవత్సరం ఆగస్టు 20న నిజాం రాజ్యంలోని సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ ఒక దోమ ఉదరాన్ని కోసి, సూక్ష్మదర్శినిలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. రాత్రివేళ నిద్రిస్తున్న వారి రక్తం పీల్చి, ఒకరి వ్యాధిని మరొకరికి అంటించేది దోమ అని నిరూపణకు దారి ఏర్పడింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ రెండింటి మధ్య ప్రత్యక్ష సంబంధం లేదు. కాని ఒకే ప్రశ్నకు ఒకే ఏడు లభించిన రెండు సమాధానాలుగా వాటిని పక్కపక్కన నిలిపి చూడడం ప్రయోజనకరం. ఒకటి వ్యాధిని మనిషిగా ఊహించింది. మరొకటి వ్యాధికి మనిషితో నిమిత్తం లేని కారణాన్ని కనుగొన్నది.

'నోస్ఫెరాటు'లో ఈ రెండు సమాధానాలూ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. కోటలో మొదటి రాత్రి గడిపిన హుట్టర్ తన మెడపై రెండు గాట్లను చూసుకొని, అవి దోమకాట్లని భార్యకు ఉత్తరం రాస్తాడు. ఆనాటి ప్రేక్షకుడు అతని అమాయకత్వానికి నవ్వుకొని ఉంటాడు. సికిందరాబాదు పరిశోధన తెలిసిన నేటి ప్రేక్షకునికి ఆ ఉత్తరం వేరుగా వినిపిస్తుంది. వ్యాధుల చరిత్రను బట్టి చూస్తే హుట్టర్ చెప్పినదే సరైన జవాబు. చిత్రం ఆ సరైన జవాబును హాస్యంగా మార్చి, తప్పు జవాబును సత్యంగా నిలబెట్టింది.

ఎలుకల విషయమూ ఇటువంటిదే. చిత్రకథ 1838లో జరుగుతుంది. ఎలుకల ద్వారా ప్లేగు వ్యాపిస్తుందన్న శాస్త్రీయ జ్ఞానం ఆ కాలానికి లేదు. అలెగ్జాండర్ యెర్సిన్ 1894లో హాంకాంగ్‌లో ప్లేగు సూక్ష్మజీవిని కనుగొన్నాడు. పాల్ లూయీ సిమాండ్ 1898లో కరాచీలో ఎలుకల మీది గోమారుల ద్వారా ప్లేగు వ్యాపిస్తుందని నిరూపించాడు. 1896లో బొంబాయిలో మొదలైన ప్లేగు లేకపోతే సిమాండ్ భారత ఉపఖండానికి వచ్చేవాడే కాదు. చిత్రంలో ఓర్లాక్ శవపేటికల నుంచి బయటికి దూకే ఎలుకలు 1838 నాటి భయాన్ని కాదు, మన రేవుపట్టణాలలో సంపాదించిన 1898 నాటి జ్ఞానాన్ని మోసుకొస్తున్నాయి. ఆ జ్ఞానాన్ని తెరకెక్కించిన చిత్రమే, ఎలుకలకు యజమానిగా ఒక మనిషిని నిలబెట్టింది. కారణం కంటికి కనిపిస్తున్నా దాని వెనుక ఒక కర్త కావాలన్న కోరిక ఎంత బలమైనదో ఈ అల్లికలో తెలుస్తుంది.

గత్తర, అమ్మవారు, పొలిమేర

తెలంగాణలో కలరాకు వాడుకలో ఉన్న మాట 'గత్తర'. ఆ మాట నేటికీ తిట్లలో, శాపనార్థాలలో మిగిలి ఉన్నదంటే దాని జ్ఞాపకం ఎంత లోతైనదో గ్రహించవచ్చు. మశూచికి వ్యాధి పేరు పెట్టకుండా 'అమ్మవారు పోసింది' అనడం తెలుగునాట అంతటా ఉన్న ఆచారం. ముత్యాలమ్మ, పోచమ్మ, మైసమ్మ, పాలమూరు ప్రాంతంలో ఈదమ్మ వంటి గ్రామదేవతల ఆరాధన, బొడ్రాయి ప్రతిష్ఠ, పొలిమేర కట్టడి వంటి కర్మకాండలలో వ్యాధి నుంచి ఊరిని కాపాడుకోవాలన్న తపన ప్రధానమైనది. 1916లో వెలువడిన హెన్రీ వైట్‌హెడ్ గ్రంథంలో దక్షిణ భారత గ్రామదేవతల కొలుపులు విస్తారంగా నమోదయ్యాయి. సికిందరాబాదు బోనాల ఉత్సవానికి పందొమ్మిదవ శతాబ్దారంభంలో వచ్చిన మహమ్మారి నాటి మొక్కుబడి మూలమని ప్రసిద్ధి.

ఈ నేపథ్యంతో చూసే ప్రేక్షకునికి 'నోస్ఫెరాటు'లో అనేక దృశ్యాలు పరిచితంగా తోస్తాయి. వ్యాధి పొలిమేర దాటి బయటి నుంచి రావడం, డప్పువాద్యంతో వీధిలో చాటింపు వేయడం, తలుపులు మూసుకొమ్మని హెచ్చరించడం, మరణం సంభవించిన ఇండ్ల తలుపులపై గుర్తులు వేయడం, నిర్మానుష్యమైన వీధిలో శవపేటికలు వరుసగా సాగిపోవడం మొదలైనవి అటువంటివి. భాష తెలియకపోయినా, మధ్యమధ్య వచ్చే అక్షరఫలకాలు చదవకపోయినా ఈ దృశ్యాలు అర్థమవుతాయి. మహమ్మారి అన్ని ఊళ్ళలోనూ ఒకే రీతిగా ప్రవేశిస్తుంది.

అయితే ఒక మౌలికమైన భేదం ఉన్నది. మన గ్రామదేవతా వ్యవస్థలో వ్యాధి ఒక తల్లి ఆగ్రహం. ఆ తల్లి పరాయిది కాదు. ఆమెను చంపవలసిన అవసరం లేదు, శాంతింపజేయాలి, సాగనంపాలి. ఈ ఊహలో శాస్త్రీయత లేకపోవచ్చు. కాని ఇందులో ఒక సామాజిక ప్రయోజనం ఉన్నది. మరణాలకు బాధ్యత దేవతపై ఉన్నంతకాలం పక్కింటి మనిషి మీద రాయి పడదు. వ్యాధి నెపంతో ఎవరినీ కొట్టి చంపవలసిన పని ఉండదు. గ్రామదేవతల కొలుపును కేవలం అజ్ఞానంగా కొట్టిపారేసే వ్యాఖ్యానాలు ఈ అంశాన్ని గమనించలేదు.

విస్‌బోర్గ్ పట్టణానికి అటువంటి తల్లి లేదు. అక్కడ మరణానికి దేవత లేదు గనుక దోషి కావలసి వచ్చాడు.

మూకీలోని మూక

చిత్రం చివరి అంకంలో ఒక ఘట్టం ఉన్నది. పిచ్చాసుపత్రిలో బంధింపబడిన నాక్ కావలివాని గొంతు నులిమి తప్పించుకుంటాడు. భయంతో వణికిపోతున్న జనం ఒక బలిపశువు కోసం వెదుకుతూ ఉండగా అతడు దొరికాడని అక్షరఫలకం చెబుతుంది. జనం నాక్‌ను వీధుల వెంట తరుముతారు. అతడు ఇంటికప్పు మీదికెక్కితే రాళ్ళు రువ్వుతారు. అక్కడి నుంచి అతడు పొలాల్లోకి పారిపోతాడు. వెంబడించిన గుంపుకు దూరాన ఒక ఆకారం కనిపిస్తుంది. అందరూ కలిసి దానిపై పడి చీల్చివేస్తారు. తీరా చూస్తే అది చేనిలో నిలబెట్టిన దిష్టిబొమ్మ.

అలెగ్జాండర్ గ్రనాఖ్ నాక్ పాత్రను దాదాపు హాస్యపాత్రగా నటించడం వల్ల ఈ ఘట్టం కథకు అనవసరమైన మలుపుగా తోచే అవకాశం ఉన్నది. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల ప్రేక్షకుడు మాత్రం ఇక్కడే ఉలిక్కిపడతాడు. శవం లేచి వచ్చి రక్తం పీల్చే పిశాచి మన జానపద విశ్వాసాలలో ప్రధానమైనది కాదు. ఊళ్ళోనే ఉంటూ, తన ఇంట్లో కూర్చొని, మంత్రశక్తితో ఇరుగుపొరుగు వారికి వ్యాధిని, మరణాన్ని పంపే మనిషి గురించిన విశ్వాసం మాత్రం తెలంగాణ గ్రామాలలో బలంగా ఉండేది. దానికి బాణామతి, చేతబడి అని పేర్లు. కనుక ఈ ప్రాంతపు ప్రేక్షకునికి తెలిసిన వ్యక్తి ఓర్లాక్ కాదు, నాక్. రహస్య లిపిలో వచ్చిన ఉత్తరాలు చదువుతూ, ఎవరికీ అర్థం కాని గుర్తులు చూసి నవ్వుకునే నాక్ అచ్చంగా మన ఊళ్ళ 'మంత్రగాడు'.

బాణామతి అనుమానం కలిగిన వ్యక్తిని ఏమి చేసేవారన్నది తెలంగాణ పత్రికల పాత సంచికలు తిరగవేసిన వారికి తెలిసిన విషయమే. స్తంభానికి కట్టి కొట్టడం, ఊరి నుంచి వెలివేయడం, సజీవంగా తగులబెట్టడం వంటి ఘటనలు అనేకం వార్తలకెక్కాయి. వీటిలో ఒక ప్రత్యేకమైన హింసారూపం ఉన్నది. మంత్రోచ్చారణ స్పష్టంగా సాగకుండా చేయడానికి నిందితుని ముందుపళ్ళు ఊడగొట్టడం. ఓర్లాక్‌ను పిశాచిగా గుర్తుపట్టేది కూడా అతని ముందుపళ్ళను బట్టియే. తర్వాతి తరం చిత్రాలలో కోరలు పక్కలకు జరిగాయి గాని, ముర్నౌ చిత్రంలో మాక్స్ ష్రెక్ ధరించినవి ఎలుకకు ఉండే తరహా ముందుపళ్ళు. దోషాన్ని దేహంలో వెదకడం, దానిని నోటిలోనే పట్టుకోవడం అన్న భావన జర్మన్ తెరకూ తెలంగాణ రచ్చబండకూ ఉమ్మడిగా ఉండడం ఆలోచించవలసిన విషయం.

దిష్టిబొమ్మ ఘట్టం ద్వారా చిత్రం ఒక సత్యాన్ని పలికింది: గుంపు వెదికేది దోషిని కాదు, చీల్చడానికి ఒక ఆకారాన్ని. కాని చిత్రం ఈ సత్యం మీద నిలబడలేదు. నాక్ నిజంగానే ఓర్లాక్ సేవకుడు. ఓర్లాక్ నిజంగానే మరణాలకు కర్త. గుంపు ఎంచుకున్న మనిషిలో పొరపాటు ఉండవచ్చు గాని, ఒక మనిషి ఉన్నాడన్న నమ్మకంలో పొరపాటు లేదని కథ తీర్పు చెబుతుంది. బాణామతి హత్యలలో పాల్గొన్నవారు చెప్పుకునే సమర్థన కూడా సరిగ్గా ఇటువంటిదే. నమ్మకాన్ని ప్రశ్నించక వ్యక్తి ఎంపికను మాత్రమే ప్రశ్నిస్తే, తర్వాతి అనుమానానికి దారి తెరిచి ఉంచినట్టే.

వంగిన దేహం

ఓర్లాక్ దేహాన్ని చిత్రించిన తీరు మరొక ప్రశ్నను లేవనెత్తుతుంది. బిగుసుకుపోయిన నడక, ముందుకు వంగిన భుజాలు, చాపడానికి రాని చేతులు, వంకర వేళ్ళు: ఇవన్నీ చెడుకు చిహ్నాలుగా ప్రేక్షకుని ముందు నిలుస్తాయి. ఆనాటి భయానక చిత్రాలలో ఇది సామాన్యమైన పద్ధతి. హాలీవుడ్‌లో లాన్ చానీ 1925 నాటి 'ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా'లో వికృతమైన ముఖంతోనే ప్రేక్షకులను భయపెట్టాడు. వక్రమైన దేహంలో వక్రమైన మనసు ఉంటుందన్న సమీకరణం మీద ఈ చిత్రాలు ఆధారపడ్డాయి. ఓర్లాక్ ముక్కు, వేళ్ళు, ఎలుకలతో అతని సాహచర్యం ఆనాటి యూరప్‌లో యూదులను ఎగతాళి చేసిన వ్యంగ్యచిత్రాలను గుర్తుచేస్తున్నాయని కొందరు విమర్శకులు ఎత్తిచూపారు. దర్శకుని ఉద్దేశం ఏదైనా, పదకొండేండ్లు తిరగక మునుపే ఆ దేశంలో అధికారానికి వచ్చిన పక్షం ఆ ప్రజలను ఎలుకలతో పోల్చి ప్రచారం సాగించింది.

నల్గొండ జిల్లాకు చెందిన ప్రేక్షకుడు ఈ సమీకరణాన్ని నిర్లిప్తంగా చూడలేడు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు ప్రాంతాలలో భూగర్భజలంలోని ఫ్లోరైడ్ వల్ల తరాల తరబడి మనుషుల దేహాలు మారిపోయాయి. పళ్ళు గారపట్టాయి, వెన్నెముకలు బిగుసుకుపోయాయి, కాళ్ళు వంకరపోయాయి. తాగునీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల ఫ్లోరైడ్‌ను మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఈ గ్రామాల బోర్లలోని నీరు ఆ హద్దును ఎంతో దాటింది. ఇక్కడ వంగిన దేహం పాపానికి చిహ్నం కాదు, శాపానికి ఫలితమూ కాదు. అది రాతిపొరల గుణం, బావుల లోతు, ప్రభుత్వాల ఉపేక్ష కలిసి రాసిన చరిత్ర.

ఈ చరిత్రలో గమనించవలసినది ఆ ప్రజలు తమ వ్యాధికి దోషిగా పొరుగువానిని కాక, నీటిని గుర్తించిన తీరు. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ పటిక, సున్నం ఉపయోగించి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని రూపొందించింది. అది ప్రపంచమంతటా 'నల్గొండ పద్ధతి' అనే పేరుతోనే ప్రసిద్ధమైంది. 1996 లోక్‌సభ ఎన్నికలలో ఈ సమస్యను దేశం దృష్టికి తేవడానికి నల్గొండ నియోజకవర్గంలో పోటీకి దిగిన వారితో అభ్యర్థుల సంఖ్య 480కి చేరింది. బ్యాలెట్ పత్రాన్ని పుస్తకంలా ముద్రించవలసి వచ్చింది. వ్యాధిగ్రస్తుల ప్రాంతం రాళ్ళు పట్టుకొని కాక, నామినేషన్ పత్రాలు పట్టుకొని నిలబడింది. విస్‌బోర్గ్ పౌరులు ఊహించలేకపోయిన మార్గం ఇది.

నేటి ప్రేక్షకుడు

నేటి ప్రేక్షకుడు 'నోస్ఫెరాటు'ను చూసే పరిస్థితులు వేరు. 1922లో హాన్స్ ఎర్డ్‌మన్ కూర్చిన సంగీతంతో, నిండుసభలో ఈ చిత్రం ప్రదర్శితమైంది. రాత్రి దృశ్యాలను పగటిపూటే చిత్రించి, ఫిల్మ్‌కు నీలిరంగు అద్ది రాత్రిగా భావింపజేశారు. ఆ రంగులు లేని నలుపు తెలుపు ప్రతులు చూసేవారికి పిశాచి పట్టపగలు వీధిలో శవపేటిక మోసుకొంటూ తిరుగుతున్నట్టు కనిపించి నవ్వు వస్తుంది. ఇటీవలి పునరుద్ధరణలలో రంగులను తిరిగి చేర్చారు. మొబైల్ తెర మీద, ఒంటరిగా, చెవిలో ఏదో ఒక కొత్త సంగీతంతో చూసే వానికి మెట్లెక్కే నీడ భయం కలిగించకపోవచ్చు. ఆ నీడను అతడు ఇంతకుముందే వందల అనుకరణలలో చూసి ఉన్నాడు.

అతనికి భయం కలిగించేది మరొకటి ఉన్నది. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ వదంతులు తెలంగాణలో మూకదాడులకు దారితీసి ప్రాణాలు తీశాయి. అపరిచితుడైతే చాలు, భాష వేరైతే చాలు, అనుమానానికి సరిపోయింది. ఆ సందర్భంలో పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగమైన జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసు సూపరింటెండెంట్‌గా ఉన్న రెమా రాజేశ్వరి, కానిస్టేబుళ్ళను గ్రామాలకు పంపి, డప్పులతో, జానపద గీతాలతో వదంతులను నమ్మవద్దని ప్రచారం చేయించారు. విస్‌బోర్గ్ వీధిలో డప్పు జనాన్ని భయంతో తలుపులు మూసుకొనేలా చేసింది. గద్వాల పల్లెల్లో అదే డప్పు జనాన్ని రచ్చబండకు పిలిచి మాట్లాడించింది. వాద్యం ఒకటే; చాటిన మాట వేరు.

2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు తెలంగాణలో ఎన్నో ఊళ్ళు పొలిమేరలలో ముళ్ళకంపలు, బండరాళ్ళు అడ్డంపెట్టి బయటివారిని రానీయలేదు. తరతరాలుగా వలసకు పేరుపడిన పాలమూరు జిల్లాకు ఇది చేదు అనుభవం. దేశంలోని ఎన్నో ఆనకట్టలకు మట్టి మోసిన పాలమూరు కూలీ, ముంబయి నుంచి తన ఊరికే తిరిగివచ్చి, తన పొలిమేరలోనే అపరిచితుడై నిలబడవలసి వచ్చింది. ఓడ దిగి, పెట్టె భుజాన వేసుకొని, నిశ్శబ్దంగా వీధిలో నడిచే ఓర్లాక్ దృశ్యాన్ని ఈ అనుభవం తర్వాత చూసినప్పుడు, ఆ ఆకారంలో మనకు పిశాచి మాత్రమే కనిపించదు. నెత్తిన మూటతో ఊరి బయట ఆగిపోయిన మనిషి కూడా కనిపిస్తాడు. అతనిని చూసిన ఊరు ఏమనుకున్నదో మనకు తెలుసు.

ముగింపు

'నోస్ఫెరాటు' ముగింపును మరల ఒకసారి పరిశీలించాలి. ఎలెన్ తన రక్తాన్ని స్వచ్ఛందంగా ఇస్తుంది. ఆ త్యాగం వల్ల పిశాచి నశిస్తుంది, ప్లేగు ఆ క్షణమే ఆగిపోతుంది. కథగా ఇది సంపూర్ణం. చరిత్రగా ఇది అసత్యం. ఏ మహమ్మారీ ఒక మనిషి మరణంతో ఆగలేదు. ఆగుతుందన్న నమ్మకంతో మాత్రం ఎందరో చంపబడ్డారు.

రక్తం ఇచ్చి వ్యాధి మూలాన్ని బయటపెట్టిన మనిషి మన చరిత్రలోనూ ఒకడు ఉన్నాడు. సికిందరాబాదులో రాస్ పరిశోధనకు సహకరించిన హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి, దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకొని వాటిచేత తన రక్తం తాగించాడు. ఆ దోమల కడుపులోనే మలేరియా రహస్యం బయటపడింది. ఇందులో సూర్యోదయం లేదు, పొగగా మారిన పిశాచి లేదు. ఒక పేదవాడు, కొన్ని దోమలు, ఒక సూక్ష్మదర్శిని ఉన్నాయి. ఎవరి మీదా రాయి పడలేదు.

ముర్నౌ చిత్రం గొప్పదనం ఈ విమర్శ వల్ల తగ్గదు. కారణం తెలియని భయం ఒక ఊరిని ఎలా మారుస్తుందో అంత నిశ్శబ్దంగా, అంత స్పష్టంగా చూపిన చిత్రాలు తక్కువ. అయితే దానిని పిశాచికథగా కాక, పట్టణకథగా చూసినప్పుడే అది మన కాలానికి ఉపయోగపడుతుంది. పొలంలో చీలికలై పడిన దిష్టిబొమ్మ ఘట్టం ఆ చిత్రపు నిజమైన ముగింపు అనదగినది. ఆ తర్వాత వచ్చే సూర్యోదయం గుంపుకు కలిగిన లజ్జను మరిపించడానికి కల్పించినదే. బాణామతి పేరిట పళ్ళూడిన నోళ్ళను, ఫ్లోరైడ్ నీటికి వంగిన వెన్నులను, ముళ్ళకంచె అవతల ఆగిన వలసకూలీలను చూసిన ప్రాంతం ఈ చిత్రాన్ని చదవవలసిన తీరు ఇది.